అవ్వ చెప్పిన గుడారాలకు ఫోటో తీశాను

మా తాత ఫోటో ఇంట్లో ఒక్కటే ఉంది. ఉద్యోగ విరమణ కాగితాల కోసం స్టూడియోలో తీయించుకున్నది. కానీ మా అవ్వ మాటల్లో ఉండే తాతకు ఇరవై రెండేళ్లు దాటవు. ఆయన ఎప్పుడూ కర్నూలు గుడారాల్లోనే ఉంటాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు ఆఫీసులకూ ఉద్యోగులకూ చాలినన్ని భవనాలు లేక గుడారాలు వేశారు. అలాంటి ఒక ఆఫీసులో తాత అటెండరు. పద్దెనిమిదేళ్ల అవ్వ పుట్టింటి నుంచి నేరుగా గుడారంలోకే కాపురానికి వచ్చింది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. తాత మాత్రం ఊళ్లోనే మరో ఆఫీసు చూసుకుని ఉండిపోయాడు.

ఆ మూడేళ్ల సంగతులు అవ్వకు నిన్నమొన్నటివి. గాలి వీస్తే అన్నంలో పడే దుమ్ము, వాన వస్తే నల్లరేగడిలో దిగబడే చెప్పులు, రాత్రిళ్లు ఒక గుడారంలో పసిబిడ్డ ఏడిస్తే నాలుగు గుడారాల్లో దీపాలు వెలగడం, అన్నీ చెబుతుంది. చూపించడానికి మాత్రం ఏమీ లేదు. కెమెరా ఉన్నవాళ్లు ప్రకాశం పంతులు గారినీ నెహ్రూ గారినీ తీశారు. అటెండర్ల గుడారాలను ఎవరు తీస్తారు?

2022 వేసవిలో మైకేల్ పాల్ స్మిత్ అనే అమెరికా ఆయన తీసిన ఫోటోలు చూశాను. ఆయన 2018లో చనిపోయారు. తన చిన్నతనపు జ్ఞాపకాల్లోంచి ఎల్గిన్ పార్క్ అనే ఒక ఊరిని ఊహించుకుని, 1:24 స్కేలు (అసలులో 24వ వంతు) కార్లతో, చేత్తో చేసిన ఇళ్లతో దానికి రూపం కట్టారు. నమూనాలను బల్ల మీద పేర్చి, వెనుక నిజమైన చెట్లూ ఇళ్లూ వచ్చేలా ఆరుబయట నిలబెట్టి, మామూలు చిన్న డిజిటల్ కెమెరాతో తీసేవారు. చూస్తే 1950ల నాటి వీధి ఫోటో అనుకోవలసిందే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అవ్వ గుడారాన్ని కూడా ఇలాగే తీయవచ్చు కదా అన్న ఆలోచన అప్పుడు పట్టుకున్నది, ఎనిమిది నెలలు వదల్లేదు.

మొదట చేసిన పని అంబాసిడర్ కారు బొమ్మ కొనడం. పాతకాలం అనగానే మన కళ్ల ముందుకు వచ్చేది అదే. ఇంటికి తెచ్చి కొలిస్తే 12 సెంటీమీటర్లు. అసలు కారు పొడవు సుమారు 4.3 మీటర్లు. అంటే బొమ్మ దాదాపు 36వ వంతు. నేను గుడారాలు అనుకున్నది 24వ వంతు. రెండూ పక్కపక్కన పెడితే ఏదో ఒకటి తప్పుగా కనిపిస్తుంది. అంతకన్నా పెద్ద తప్పును పాతబస్తీలో ఒకప్పుడు స్టూడియో నడిపిన సాయిబు గారు పట్టుకున్నారు. బొమ్మను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "బాబూ, గుడారాలు ఉన్నన్నాళ్లూ ఈ కారు పుట్టనే లేదు" అన్నారు. నిజమే. అంబాసిడర్ వచ్చింది 1957-58లో. అంతకుముందు హిందుస్తాన్ మోటార్స్ వారిది ల్యాండ్‌మాస్టర్. నాకు దొరికే వాటిలో ఆ కాలానికి సరిపోయేది విల్లీస్ జీపు. మన దేశంలో దాన్ని 1940ల చివర్లోనే మహీంద్రా వారు బిగించడం మొదలుపెట్టారు. 1:24 జీపు కిట్టు తెప్పించుకున్నాను. పూర్తయితే 14 సెంటీమీటర్లు.

ఆ దెబ్బతో ప్రతి వస్తువుకూ పుట్టిన సంవత్సరం అడగడం అలవాటైంది. టీ బంకు బోర్డు మీద "6 పైసలు" అని రాయబోయి ఆగాను. నయా పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. కాబట్టి "1 అణా" అని రాశాను. దారి పక్కన రాయి మీద కిలోమీటర్లు కాదు, మైళ్లు. ఫోటోలో ఈ అక్షరాలు ఎవరికీ కనిపించవు. అయినా తప్పు రాయడానికి చేయి రాలేదు.

గుడారానికి గుడ్డ దొరకడం ఇంత కష్టమని అనుకోలేదు. తాత పాత పంచె అంచు కత్తిరించి కుట్టాను. కంటికి సన్నగానే ఉంది. ఫోటోలో చూస్తే గోనెసంచిలా ఉంది. నూలుపోగు మందాన్ని 24తో హెచ్చవేస్తే తాడు అవుతుంది మరి. పైగా గుడ్డ చిన్న ముక్కగా ఉన్నప్పుడు వేలాడదు, బిగుసుకుని నిలబడుతుంది. గంజి పెట్టాను, తడిపాను, ఇస్త్రీ చేశాను. లాభం లేదు. చివరికి పని చేసింది చెప్పుల పెట్టెల్లో చుట్టి ఇచ్చే పలచని కాగితం. ఫెవికాల్‌ను నీళ్లలో పాలలా కలిపి, కాగితాన్ని అందులో ముంచి, తడిగా ఉండగానే తీగ చట్రం మీద పరిచి, రెండు గుంజల నడుమ వేలితో మెల్లగా నొక్కితే, బరువుకు గుడారం ఎలా కుంగుతుందో అలా కుంగింది. ఆరాక టీ డికాక్షన్‌లో కుంచె ముంచి అతుకుల వెంబడి ఒక గీత, కింది అంచున బురద రంగు.

తాళ్లదీ అదే కథ. కుట్టుదారానికి ఉండే నూగు మామూలుగా మన కంటికి ఆనదు. దగ్గర నుంచి ఫోటో తీస్తే గొంగళిపురుగు. దారాన్ని కొవ్వొత్తి మీద మూడుసార్లు లాగితే నూగు అణిగి, నునుపైన తాడులా మారింది. మేకులకు అగరువత్తుల అడుగున మిగిలే పుల్లలు, ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్కలు. అంటే అసలు కొలతలో 36 సెంటీమీటర్లు. ఎండిన తులసి కొమ్మ వేపచెట్టు అయింది, కొండచీపురు పూత ఎండుగడ్డి అయింది.

మట్టిని మాత్రం తేలిగ్గా తీసుకున్నాను, అదే ఎక్కువ ఏడిపించింది. ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు ఫోటోలో 24 మిల్లీమీటర్ల కంకర రాయి. పిండి జల్లెడ చాలలేదు. నైలాన్ చున్నీలో మట్టి వేసి మూటగట్టి తడితే, కిందకు రాలిన పొడి మాత్రమే నేలలా కనిపించింది. జీపు చక్రాల జాడలు కూడా ఆ పొడిలో చక్కగా పడ్డాయి. జీపు రంగు మెరుస్తుంటే దాని మీదా అదే పొడిని మెత్తని కుంచెతో చల్లాను. మెరుపు పోయి, మా రోడ్ల మీద నడిచిన బండి అయింది.

మొదటి ఫోటోలు మా మిద్దె మీద, రాత్రి, రెండు ట్యూబ్‌లైట్ల కింద తీశాను. ప్రతి మేకుకూ రెండు నీడలు, అవీ విసనకర్రలా విచ్చుకుని. దీపం దగ్గరగా ఉంటే నీడలు ఒక చోటు నుంచి బయలుదేరినట్టు విరజిమ్ముకుంటాయి. సూర్యుడు అంత దూరాన ఉన్నాడు కాబట్టి ఆయన నీడలు సమాంతరంగా నడుస్తాయి. ఇక కృత్రిమ వెలుతురు జోలికి పోలేదు.

ఓర్వకల్లు దాటాక మా మేనమామ గారి ఊరు. అక్కడ పాడుబడిన రాతి మిద్దె ఒకటి ఉంది. గుడారాల వెనుక అలాంటి రాతి కట్టడమే కనిపించేదని అవ్వ చెప్పింది. దాని ముందు ఖాళీ స్థలం, ఫ్లెక్సీలు లేవు, కరెంటు తీగలు ఒక పక్కనే. కొండారెడ్డి బురుజు వెనుక వచ్చేలా తీద్దామని కూడా ఒక ఉదయం వెళ్లాను కానీ, ఎటు తిప్పినా తీగలూ బ్యానర్లే.

మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఉన్న ప్లైవుడ్ పలక మీద గుడారాలు, జీపు అమర్చి, మామూలు బల్ల మీద పెట్టి, రాతి మిద్దెకు 20 మీటర్ల దూరాన నిలిపి తీశాను. నమూనాలు బాగున్నాయి. వెలుతురు బాగుంది. కానీ ఫోటో చూస్తే జీపు వెనుక ఉన్న గుమ్మం ఏనుగు దూరేంత ఉంది. మిద్దెను ఇంకా వెనక్కి జరపలేను కదా అని, బల్లను వెనక్కి లాగాను. గుమ్మం చిన్నదైంది, కానీ నేల తేడాగా ఉంది. మిద్దె ఎక్కడో మైదానం చివర ఉన్నట్టు, గుడారాలకూ దానికీ సంబంధం లేనట్టు. మూడు ఆదివారాలు ఇలాగే పోయాయి.

నాలుగో ఆదివారం చెట్టు కింద కూర్చుని కాగితం మీద గీసుకుంటుంటే తెలిసింది. ఫోటోలో దిగంతం గీత ఎప్పుడూ కెమెరా ఎత్తులోనే ఉంటుంది. మనిషి నిలబడి తీసిన ఫోటోలో ఆ గీత, దూరంగా ఉన్నా దగ్గరగా ఉన్నా, ప్రతి వస్తువునూ ఆ మనిషి కంటి ఎత్తు దగ్గరే కోస్తుంది. కంటి ఎత్తు 155 సెంటీమీటర్లు అనుకుంటే 24వ వంతు ఆరున్నర సెంటీమీటర్లు. నేను లెన్స్‌ను పలక మీద ఆరున్నర ఎత్తులోనే పెట్టాను. జీపు వరకు లెక్క సరిపోయింది. కానీ బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు. అంటే అసలు నేల నుంచి లెన్స్ 81 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంది. ఆ గీత జీపును మనిషి కంటి దగ్గర, గుమ్మాన్ని మనిషి నడుము దగ్గర కోస్తోంది. గుమ్మం రెట్టింపు కనిపించక ఏమవుతుంది!

అయితే లెన్స్ రెండు నేలల నుంచీ సరైన ఎత్తులో ఉండాలి. పలక మీద నుంచి ఆరున్నర, భూమి మీద నుంచి 155. పలకను 148 సెంటీమీటర్లకు ఎత్తితే చాలు. మామ ట్రాక్టర్ ట్రాలీ తెచ్చి నిలబెట్టి, దాని మీద ఇటుకలు పేర్చి, పలక ఎక్కించాం. మామ చూసి "ఏం అల్లుడూ, బండి మీద ఊరు కడుతున్నావా?" అన్నాడు కానీ, ఇటుకలు అందించింది ఆయనే. సరిచూసుకోవడానికి ఒక ఉపాయం చేశాను. గుమ్మం పక్కన గోడ మీద నేల నుంచి 155 సెంటీమీటర్ల దగ్గర సుద్దముక్కతో గీత గీశాను. పలక మీద ఆరున్నర సెంటీమీటర్ల అగరువత్తి పుల్ల నిలబెట్టాను. ఫోన్లో చూస్తూ పుల్ల కొస సుద్దగీతను తాకేదాకా ఇటుకలు సర్దాను. తాకింది. పుల్ల తీసేసి చూశాను.

ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తే. పలక అంచు మాయమైంది. జీపు లెన్స్‌కు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంది. 24తో హెచ్చవేస్తే పది మీటర్లకు కాస్త తక్కువ. పలక వెనుక అంచు 60 సెంటీమీటర్లు, అంటే 14 మీటర్లు దాటి. సరిగ్గా ఆ అంచు పైనుంచి కనిపించే అసలు నేల కూడా 14 మీటర్ల దూరానిదే. ఒక నేల ఆగిన చోట మరో నేల అందుకుంది. మట్టి కూడా ఆ స్థలంలోనిదే జల్లించి పోశాను కాబట్టి రంగు కలిసిపోయింది. నేను ట్రాలీ పక్కన నిటారుగా నిలబడి ఉన్నాను. ఫోను నా కంటి ఎదురుగా ఉంది. 1953లో ఎవరైనా కెమెరాను కంటికి ఆనించుకుని అక్కడ నిలబడి ఉంటే ఆయన కన్ను కూడా అదే ఎత్తులో ఉండేది.

కెమెరా గురించి రెండు మాటలు. నా దగ్గర పెద్ద కెమెరా ఉంది. దాంతో తీస్తే జీపు ముందు భాగం స్పష్టంగా, వెనుక చక్రం మసకగా వచ్చేది. చిన్న వస్తువును దగ్గర నుంచి తీసినప్పుడు వచ్చే ఆ మసకే ఇది బొమ్మ అని చాటి చెబుతుంది. పాత బాక్సు కెమెరాల్లో కొన్ని మీటర్ల అవతల నుంచి దిగంతం దాకా అంతా ఒకే తీరుగా వచ్చేది. ఫోనులో వెలుతురును పట్టే సెన్సరు చిన్నది కాబట్టి, దగ్గరా దూరం అన్నీ స్పష్టంగా వచ్చే ఆ లోతు సహజంగానే దొరుకుతుంది. పైగా ఫోన్ను తలకిందులు చేస్తే లెన్స్ పలకకు దగ్గరగా వస్తుంది. ముందు మేకుల మీద ఒకటి, జీపు మీద ఒకటి, మిద్దె మీద ఒకటి, మూడుసార్లు ఫోకస్ మార్చి తీసి కంప్యూటర్లో కలిపాను. ఫోన్ లెన్స్ మరీ వెడల్పుగా చూస్తుంది. ఆ కాలపు కెమెరాలు అంత వెడల్పు చూడవు. అందుకే చుట్టూ కోసి నడిమి భాగమే ఉంచాను. గాలి లేచేలోగా, ఉదయం ఏడున్నరకు, ఎండ నా వీపు మీద పడుతుండగా తీశాను. వీపు మీద ఎండ అన్నది సాయిబు గారి మాట. అప్పటి ఫిల్ముకు వెలుతురు పుష్కలంగా కావాలి, కాబట్టి అందరూ అలాగే తీసేవారట.

ఒక చక్కని ఫోటోలో గుడారం పక్కన నల్లగా ఏదో ఉంది. పెద్దది చేసి చూస్తే చీమ. కొలత ప్రకారం మేకపిల్లంత. ఆ ఉదయం తీసినవాటిలో సగం అలా పోయాయి.

తరువాతి పని ఫోటోను పాతది చేయడం. ఇందులో నాకు అన్నీ తెలుసనుకున్నాను. గోధుమ రంగు పూశాను, ఫోటో యాప్‌లలో దొరికే గీతలూ మరకలూ వేశాను, అంచులు నల్లబరిచాను. సాయిబు గారు కళ్లద్దాలు పైకి జరిపి చూశారు. "ఇది మేము కడిగిన ఫోటో కాదు బాబూ" అన్నారు. "గీత పడకుండా ఉండాలని మేము నెగెటివును ప్రాణంలా చూసుకునేవాళ్లం. నువ్వు కోరి గీతలు వేస్తున్నావు." లోపలికి వెళ్లి ఒక డబ్బా తెచ్చి, ఎవరూ తీసుకోకుండా మిగిలిపోయిన పాత ప్రింట్లు నా ముందు పరిచారు. గోధుమ రంగు ఒక్కదానిలోనూ లేదు. బూడిద రంగులు, కాస్త వెచ్చదనం. నలుపు పూర్తి నలుపు కాదు, తెలుపు పాలిపోయి మీగడలా ఉంది. ఆకాశంలో మబ్బు లేదు, అంతా తెల్లగా. ఫిల్ము నీలం రంగుకు ఎక్కువగా స్పందిస్తుంది కాబట్టి ఆకాశం అలా తేలిపోతుందని ఆయన చెప్పారు. ఎర్రమట్టి, మనుషుల ముఖాలు మాత్రం కాస్త నల్లగా పడతాయి.

ఇంటికి వచ్చి వేసినవన్నీ తీసేశాను. నలుపు తెలుపుగా మార్చేటప్పుడు నీలాన్ని పెంచి, ఎరుపును తగ్గించాను. ఆకాశం తెల్లబడింది, దాంతో పక్కనున్న కరెంటు తీగ కూడా దాదాపు కరిగిపోయింది. ఫోను తనంతట తాను ప్రతి అంచునూ పదునుపెడుతుంది. ఆ పదును పాత లెన్స్‌కు ఉండదు. అందుకని ఫోను తన మెరుగులేవీ దిద్దని ముడి ఫైలులో మళ్లీ తీసి, మూలల్లో కొద్దిగా మెత్తబరిచాను. ఇంక అంతే.

అసలు మాయ మాత్రం ప్రింటు పరిమాణంలో ఉంది. పెద్దగా వేయించిన ప్రింట్లో గుడారం అంచున కాగితం కాగితంలా కనిపించింది. అప్పట్లో 120 అనే రకం రోల్ ఫిల్ము నెగెటివును నేరుగా కాగితం మీద పెట్టి కడిగేవారు, ఫోటో 6×9 సెంటీమీటర్లే వచ్చేది. అదే కొలతలో, ల్యాబులో ఫోటో కాగితం మీద, చుట్టూ తెల్లని అంచు వదిలి వేయించాను. అంచును దర్జీల దగ్గర ఉండే పళ్ల కత్తెరతో కత్తిరించాను. అరచేతిలో పెట్టుకుంటే, నేనే కట్టిన గుడారమని నాకే ఒక్క క్షణం గుర్తు రాలేదు.

అవ్వకు ఏమీ చెప్పకుండా ఇచ్చాను. కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, దూరంగా పెట్టుకుని, దగ్గరగా పెట్టుకుని చూసింది. చాలాసేపటికి "కాగు ఏది?" అంది. "ఏ కాగు అవ్వా?" అన్నాను. "నీళ్ల కాగు నాయనా. గుడారం ముందర, కుడి పక్కన ఉండేది. దాని చుట్టూ ఎప్పుడూ తడి. మీ తాత దాని పక్కనే కూర్చుని గడ్డం గీసుకునేవాడు." ఇంతకాలం చెప్పిన కబుర్లలో ఈ కాగు ఎప్పుడూ రాలేదు. ఫోటో చూశాకే వచ్చింది. ఆ తరువాత గంటసేపు, అక్కడ ఏముండేదో ఇక్కడ ఏముండేదో, నేను రాసుకోలేనంత వేగంగా చెప్పింది. పక్క గుడారంలో ఉన్న గుమాస్తా గారి సైకిల్, ఆయన భార్య ఆరబెట్టే చీరలు, రాత్రిపూట వచ్చే తేళ్లు.

రెండు సెంటీమీటర్ల కాగును బంకమట్టితో చేశాను. చుట్టూ ఉన్న మట్టిని కుంచెతో తడి చేశాను. నీటి చుక్క పడనివ్వకూడదు, చుక్క ఎంత చిన్నదైనా ఫోటోలో బుడ్డి అంత ఉంటుంది. తాతను మాత్రం చేయలేదు. బొమ్మ మనుషులు ఎంత బాగా చేసినా బొమ్మలే. గడ్డం గీసుకునే పీట, దాని మీద పావలా బిళ్ల కన్నా చిన్న అద్దం పెట్టాను. మరో ఉదయం మళ్లీ ట్రాలీ, మళ్లీ ఇటుకలు.

ఈ రెండో ఫోటోను మా చిన్నాన్న కొడుకు ఫోన్లోకి తీసుకున్నాడు. చుట్టాల వాట్సాప్‌లో పెట్టాడు. పది రోజుల తరువాత నాతో పనిచేసే ఒకాయన అదే ఫోటోను నాకే పంపారు. కింద "1953 నాటి కర్నూలు, అరుదైన చిత్రం" అని ఉంది. నాకు ఒళ్లు చల్లబడింది. కర్నూలు రాజధానిగా ఉన్న మూడేళ్లకు సామాన్యుల ఫోటోలు అసలే తక్కువ. ఉన్న కొద్దిపాటి నిజం పక్కన నా ప్లైవుడ్ పలక చేరి కూర్చుంటే, రేపు ఎవరైనా దాన్ని చూసి ఆఫీసు గుడారాలు ఇలా ఉండేవని రాస్తే? ఆయనకు ఫోన్ చేసి చెప్పాను, ఆయన తనకు పంపినవారికి చెప్పారు. అంతకు మించి వెనక్కి వెళ్లలేకపోయాం. అప్పటి నుంచి ప్రతి ఫోటో కింది తెల్లని అంచులోనే "నమూనా, 1:24, 2023" అని చిన్న అక్షరాలతో ముద్రిస్తున్నాను. కోస్తే తప్ప పోదు. ట్రాలీ, ఇటుకలు, పలక అన్నీ కనిపించేలా దూరం నుంచి తీసిన ఫోటోను కూడా జతగానే ఇస్తున్నాను. దాచి చూపిస్తే వచ్చే ఆశ్చర్యం కన్నా, ఎలా చేశామో చూశాక మళ్లీ మొదటి ఫోటో చూసినప్పుడు వచ్చే ఆశ్చర్యమే నాకు ఇష్టం.

అవ్వ తన ప్రింటును రేషన్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ సంచిలో దాచుకుంది. మొన్న మళ్లీ బయటికి తీసి, ఎడమ పక్క తాడును గోటితో చూపించింది. ఆ పక్క మేకు లేదట. నల్లరేగడి తడిస్తే మేకు నిలవక, వానాకాలం మొదటి నెలలోనే తాత ఒక గుండ్రాయి దొర్లించుకొచ్చి తాడును దానికి కట్టాడట. గుండ్రాయి ఎంత ఉండేదని అడిగితే, రెండు చేతులు చాచి చూపింది. టేపుతో కొలిచాను, 60 సెంటీమీటర్లు. రెండున్నర సెంటీమీటర్ల రాయి కోసం నిన్న సాయంత్రం తుంగభద్ర ఒడ్డున వెతికాను. నాలుగు దొరికాయి. నాలుగూ అవ్వ ముందు పెట్టాను, మూడోది తీసి ఇచ్చింది.